రొయ్యల గుంట మోటార్ల కాపలా బోర్డుకి ఓపెన్ సోర్స్ ప్రాసెసర్ కోర్: యాడ వెతకాలి, ఏది తీసుకోవాలి?

గుంటగట్టు (విడవలూరు)
అందరికీ నమస్కారం. వనామీ గుంటల మీద ఏరియేటర్ (నీళ్లకి గాలి కలిపే యంత్రం) మోటార్లకి ఒక ఫేజు పోతే వెంటనే పట్టుకునే బోర్డు చేస్తా ఉన్నా. మోటార్లు ఎనిమిది, అన్నీ 2 హెచ్‌పీ త్రీ ఫేజువే. మోటారుకి మూడు సీటీలు (వైరులో కరెంటు కొలిచే చుట్టలు), అంటే 24 ఛానళ్లు. ఏడీసీకి (కొలతని అంకెగా మార్చే చిప్పు) ఎంసీపీ3208 మూడు పెడతన్నా, ఒక్కోదానికి 8 ఛానళ్లు. 50 హెర్ట్జ్ సైకిల్‌కి 32 శాంపిళ్లు కావాలి. ఫలితాలు ఆర్‌ఎస్-485 వైర్ల మీద మోడ్‌బస్ ఆర్‌టీయూ అనే సందేశ పద్ధతిలో, 9600 బాడ్‌తో (సెకనుకి 9600 బిట్లు) షెడ్డుకి పోవాలి. ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్ మనమే రాసి ఎక్కించుకునే చిప్పు) బోర్డు ట్యాంగ్ నానో 9కే. శాంప్లింగ్ అంతా వెరిలాగ్ అనే సర్క్యూట్ల భాషలో రాసుకుంటా, మోడ్‌బస్‌కీ సెట్టింగులకీ లోపల ఒక చిన్న ప్రాసెసర్ కావాలి.

గిట్‌హబ్‌లో రిస్క్-ఫైవ్ అని కొడితే వందల కోర్లు వస్తండాయి. దేన్ని నమ్మాలి? బోర్డు రైతులకి అమ్మాలని ఉంది కాబట్టి లైసెన్సు చిక్కు ఉండకూడదు. మన ఐఐటీ మద్రాసు శక్తి ప్రాసెసర్ దీంట్లో పట్టుద్దా?

కావలి_ఆర్‌టీఎల్
తమ్ముడూ, ముందు మూడు సంగతులు విడదీసుకో. రిస్క్-ఫైవ్ అనేది ఇన్‌స్ట్రక్షన్ సెట్. అంటే ఏ బిట్లు పెడితే ఏ పని జరగాలి అనే ఒప్పందం. ఆ ఒప్పందం అందరికీ తెరిచి ఉంది. దాని ప్రకారం నడిచే సర్క్యూట్ కోర్. కోర్‌కి మెమరీ, యూఆర్ట్ (బైట్లని బిట్లుగా వరసన పంపే భాగం), టైమరు, బస్సు (వీటన్నిటినీ కలిపే దారి) తగిలిస్తే ఎస్‌ఓసీ. ఇన్‌స్ట్రక్షన్ సెట్ తెరిచి ఉంది కదా అని ప్రతి రిస్క్-ఫైవ్ కోరూ ఓపెన్ సోర్స్ అయిపోదు. సైఫైవ్ అమ్మే కోర్లు రిస్క్-ఫైవే, డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి. నీకు కావాల్సింది ఆర్‌టీఎల్ సోర్సు (వెరిలాగ్ లాంటి భాషలో రాసిన సర్క్యూట్), దాని పక్కన లైసెన్సు ఫైలు, టెస్ట్‌బెంచి (దాన్ని పరీక్షించే కోడు). మూడూ ఉంటేనే లెక్కలోకి తీసుకో.

యాడ వెతకాలి అంటే: 1999లో మొదలైన ఓపెన్‌కోర్స్ సైటులో పాత సరుకు చాలా ఉంది. ఓపెన్‌రిస్క్ కుటుంబం అక్కడి నుంచే వచ్చింది. కానీ అక్కడ సగం ప్రాజెక్టులు ఏళ్ల తరబడి ఎవరూ ముట్టనివి. కొత్త పనికి అక్కడ మొదలుపెట్టొద్దు. నేనైతే మొదట చూసేది లైటెక్స్ (ఎస్‌ఓసీలు కట్టిపెట్టే టూలు) సోర్సులో సీపీయూ ఫోల్డరు. అందులో ఉన్న ప్రతి కోర్‌నీ ఎవరో ఒకరు బస్సుకి తగిలించి, బూట్ చేయించి పెట్టారు. వెతుకులాటలో సగం పని అక్కడే అయిపోద్ది. ఆ తర్వాత సంస్థల ఖాతాలు: యోసిస్‌హెచ్‌క్యూ, లోరిస్క్, ఓపెన్‌హెచ్‌డబ్ల్యూ గ్రూప్, చిప్స్ అలయన్స్. ఫ్యూజ్‌ఎస్‌ఓసీ అనే ప్యాకేజీ మేనేజరు లైబ్రరీలోనూ కోర్లు ఉంటాయి, ఒక కమాండుతో దించుకుని సిమ్యులేట్ చేయొచ్చు.

రిపాజిటరీ తెరిచాక స్టార్ల సంఖ్య చూడొద్దు. లైసెన్సు ఫైలు ఉందా? దించిన అరగంటలో నీ కంప్యూటరు మీద సిమ్యులేషన్ నడిచిందా? రిస్క్-ఫైవ్ టెస్టులు గానీ, రిస్క్-ఫైవ్ ఫార్మల్ (గణిత నిరూపణతో కోర్‌ని సరిచూసే టూలు) గానీ దానిమీద నడిపిన ఆనవాలు ఉందా? ఇష్యూల్లో "తప్పు జవాబు వస్తోంది" అన్న ఫిర్యాదుకి మనిషి జవాబిచ్చాడా? ఈ నాలుగూ చాలు. ఇంకోటి, ఒకే కోర్‌కి ఇరవై ఫోర్కులు (వేరేవాళ్లు తీసి మార్చుకున్న కాపీలు) కనిపిస్తాయి. మూలం ఏదో అదే తీసుకో. పికోఆర్‌వీ32 అనే చిన్న కోర్ మూలం ఇప్పుడు యోసిస్‌హెచ్‌క్యూ ఖాతాలో ఉంది, తీసుకోవాల్సింది అది, ఎవరో మార్చి పెట్టుకున్న కాపీ కాదు.

చీమకుర్తి_డ్రైవ్స్
ఒక మాట అడగొచ్చా? ఎనిమిది ఛానళ్లు, ఛానలుకి 1600 శాంపిళ్లు అంటే ఏడీసీ ఒక్కోటి సెకనుకి 12,800 కన్వర్షన్లు. డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటాని మెమరీకి చేర్చే భాగం) ఉన్న మామూలు ఎస్‌టీఎం32 మైక్రోకంట్రోలర్ మూడు ఏడీసీలనీ సునాయాసంగా చదువుద్ది. ఎఫ్‌పీజీఏ దేనికి? గ్రానైట్ పాలిషింగ్ యంత్రాల మీద పన్నెండు ఎన్‌కోడర్లు (తిరుగుడు కొలిచే సెన్సర్లు) ఒకేసారి లెక్కపెట్టాలంటే ఎఫ్‌పీజీఏ తప్పదు, అది వేరు సంగతి.

గుంటగట్టు
అన్నా, మీ లెక్క నిజమే. రెండు కారణాలు. మూడు ఏడీసీలూ ఒకే క్లాకు అంచు మీద శాంపిల్ కావాలి, అప్పుడు మూడు ఫేజులని పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. రెండోది, కొందరు రైతులకి 16 మోటార్లు ఉండాయి. అదే బోర్డు మీద ఇంకో మూడు ఏడీసీలు తగిలించి వెరిలాగ్‌లో పారామీటరు మార్చితే చాలాలి.

చీమకుర్తి_డ్రైవ్స్
అట్టయితే సరే. కానీ ట్రిప్ చేసే (మోటారు ఆపే) నిర్ణయం మాత్రం ప్రాసెసర్ చేతికి ఇవ్వొద్దు. ఒక ఫేజు కరెంటు సున్నాకి దగ్గరగా పడి మిగతా రెండూ పెరిగాయా అన్న పోలిక వెరిలాగ్‌లోనే చెయ్యి. నడుస్తున్న మోటారుకి ఒక ఫేజు పోతే మిగతా రెండు ఫేజుల్లో కరెంటు దాదాపు 1.73 రెట్లు అవుద్ది. ప్రాసెసర్ మోడ్‌బస్‌లో ఇరుక్కున్నా ఆ పోలిక ఆగకూడదు. రిలేలో నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్టు (రిలేకి కరెంటు లేనప్పుడు కలిసుండేది) వాడి కాంటాక్టర్ (మోటారుకి కరెంటు ఇచ్చే స్విచ్చు) కాయిల్‌కి సిరీస్‌లో పెట్టు. బోర్డు చచ్చిపోతే మోటార్లు నడుస్తూనే ఉండాలి. బోర్డు చెడి తెల్లవారుజామున ఎనిమిది ఏరియేటర్లూ ఆగిపోతే, గుంటలో ఆక్సిజన్ అడుగంటే వేళ అది, ఒక మోటారు కాలిపోవడం కంటే పెద్ద నష్టం. ఉన్న థర్మల్ ఓవర్‌లోడ్ రిలే తీసెయ్యొద్దు.

ఒంగోలు_ఎల్‌యూటీ
ఇక కోర్ల దగ్గరికి వద్దాం. ముందు పాత్ర కొలుచుకోవాలి. ట్యాంగ్ నానో 9కే లో ఉన్న గోవిన్ చిప్పులో 4-ఇన్‌పుట్ ఎల్‌యూటీలు (లాజిక్ కట్టే చిన్న పట్టికలు) 8640, ఫ్లిప్‌ఫ్లాపులు (ఒక్కో బిట్టు దాచేవి) 6480, బ్లాక్ ర్యామ్ 26 బ్లాకులు, మొత్తం 468 కిలోబిట్లు. 32 బిట్ల వెడల్పుతో వాడితే బ్లాకుకి 2 కేబీ, అంటే గరిష్ఠంగా 52 కేబీ. మోడ్‌బస్ ఫర్మ్‌వేర్‌కి (ప్రాసెసర్ మీద నడిచే ప్రోగ్రాం) 16 కేబీ బోలెడు, 8 బ్లాకులు పోతాయి.

తర్వాత పని కొలవాలి. ఇది చెయ్యకుండా కోర్ ఎంచుకునేవాళ్లే ఎక్కువ. 24 ఛానళ్లకి ఆర్‌ఎంఎస్ (శాంపిళ్ల వర్గాల సగటుకి వర్గమూలం), 8 సైకిళ్లకి ఒకసారి, అంటే 160 మిల్లీసెకన్లకి 24 వర్గమూలాలు, సెకనుకి 150. పూర్ణాంక వర్గమూలానికి 16 చుట్లు, ధారాళంగా 250 ఇన్‌స్ట్రక్షన్లు అనుకుంటే సెకనుకి 37,500. మోడ్‌బస్ 9600 బాడ్ అంటే బైటుకి మిల్లీసెకను పైనే, బైటుకి సీఆర్‌సీ (సందేశంలో తప్పు పట్టే సరిచూపు అంకె) లెక్క 60 ఇన్‌స్ట్రక్షన్ల లోపు. ఎంత పెంచి చూసినా సెకనుకి లక్షన్నర ఇన్‌స్ట్రక్షన్లు దాటదు.

ఇప్పుడు కోర్లు. అన్నిటికన్నా చిన్నది సెర్వ్. ఫ్యూజ్‌ఎస్‌ఓసీ రాసిన ఒలాఫ్ కిండ్‌గ్రెన్‌దే ఇదీ. ఒక క్లాకులో ఒకే బిట్టు మీద పనిచేస్తుంది. లాటిస్ కంపెనీ ఐస్40 ఎఫ్‌పీజీఏ మీద 200 ఎల్‌యూటీల చుట్టూ పట్టేస్తుంది. ఇన్‌స్ట్రక్షన్‌కి కనీసం 32 క్లాకులు, లోడ్లూ స్టోర్లూ బ్రాంచిలూ రెండు విడతలు కాబట్టి 64 పైన. 27 మెగాహెర్ట్జ్ దగ్గర సెకనుకి అర మిలియన్ ఇన్‌స్ట్రక్షన్లు వస్తాయి. నీ పనికి లెక్క ప్రకారం ఇదీ సరిపోతుంది!

పికోఆర్‌వీ32: క్లెయిర్ వోల్ఫ్ రాసింది, ఒకే వెరిలాగ్ ఫైలు. ఇన్‌స్ట్రక్షన్‌కి సగటున 4 క్లాకులు, 27 మెగాహెర్ట్జ్‌లో ఆరున్నర మిలియన్ల పైన. జైలింక్స్ 7-సిరీస్ మీద చిన్న కాన్ఫిగరేషన్ 761 ఎల్‌యూటీలు, పెద్దది 2019 అని దాని రీడ్‌మీలోనే ఉంది. కానీ అవి 6-ఇన్‌పుట్ ఎల్‌యూటీలు. గోవిన్‌వి 4-ఇన్‌పుట్‌వి, కాబట్టి ఒకటిన్నర రెట్లకి తక్కువ లెక్కేసుకోవద్దు. ఒక కంపెనీ చిప్పు మీది ఎల్‌యూటీ సంఖ్యని ఇంకో కంపెనీ చిప్పు మీది దాంతో పోల్చడం, సోలలతో కొలిచిందాన్ని మానికలతో పోల్చినట్టే.

నియోఆర్‌వీ32: స్టెఫాన్ నోల్టింగ్‌ది, వీహెచ్‌డీఎల్‌లో (వెరిలాగ్ లాంటి ఇంకో భాష) రాసింది. ఇది ఉత్త కోర్ కాదు, యూఆర్ట్, ఎస్‌పీఐ, టైమర్, వాచ్‌డాగ్ (ప్రోగ్రాం ఇరుక్కుంటే రీసెట్ చేసేది), యూఆర్ట్ నుంచి ప్రోగ్రాం ఎక్కించే బూట్‌లోడర్ అన్నీ ఒకే చోట వస్తాయి. డాక్యుమెంటేషన్ ఇంత శ్రద్ధగా రాసిన ఓపెన్ కోర్ ఇంకోటి చూపించడం కష్టం. పికో కంటే చోటు ఎక్కువ అడుగుతుంది, 8640లో ఇబ్బంది లేదు.

వెక్స్‌రిస్క్‌వీ: స్పైనల్‌హెచ్‌డీఎల్ అనే భాషలో రాసింది, ప్లగిన్లు పెట్టి తీసి కావాల్సినట్టు మలుచుకోవచ్చు. 2018 రిస్క్-ఫైవ్ సాఫ్ట్ కోర్ పోటీలో మొదటి బహుమతి దీనికే. వేగం కావాలంటే ఇదే. జావా, ఎస్‌బీటీ అనే బిల్డ్ టూలు పెట్టుకోవాలి, లేదా లైటెక్స్ ద్వారా తయారైన వెరిలాగ్ తీసుకోవాలి. నీకు ఆ వేగం అక్కర్లేదు.

లోరిస్క్ వాళ్ల ఐబెక్స్ మంచి కోర్, ఓపెన్‌టైటన్ అనే ఓపెన్ సోర్స్ భద్రతా చిప్పులో ఉన్నది అదే, ధ్రువీకరణ పక్కాగా చేశారు. కానీ సిస్టమ్ వెరిలాగ్ గట్టిగా వాడారు. యోసిస్ (వెరిలాగ్‌ని సర్క్యూట్‌గా మార్చే ఉచిత టూలు) సొంతంగా దాన్ని మింగలేదు, ఎస్‌వీ2వీ అనే టూలుతో మామూలు వెరిలాగ్‌గా మార్చి ఇవ్వాలి. 64 బిట్ల సీవీఏ6, రాకెట్ లాంటివి లినక్స్ నడిపేవి, ఈ చిప్పు దగ్గర వాటి ఊసే వద్దు.

నా ఓటు పికోఆర్‌వీ32. నియో రెండోది.

గుంటగట్టు
సెర్వ్ సరిపోద్దని మీరే లెక్క చూపిస్తిరి. చిన్నదే తీసుకోకూడదా?

ఒంగోలు_ఎల్‌యూటీ
చోటు మిగిలి ఉన్నప్పుడు చిన్నదాని వల్ల నీకు ఒరిగేది లేదు. 8640లో 200 పోయినా 1500 పోయినా నీ ఏడీసీ లాజిక్‌కి కావాల్సినంత మిగులుద్ది. సెర్వ్ మీద రేపు ఒక ఫ్లోటింగ్ పాయింట్ లెక్క పెట్టావంటే టైమింగ్ తారుమారు. అదీకాక వేవ్‌ఫారం చూసి తప్పు పట్టుకోవాలంటే పికోలో ఒక ఇన్‌స్ట్రక్షన్ నాలుగైదు క్లాకుల్లో కనిపిస్తుంది. సెర్వ్‌లో ఒక్కో బిట్టూ కూర్చుకుంటా పోవాలి. ఒకే చిప్పులో పది, ఇరవై కోర్లు పెట్టాల్సి వస్తే అప్పుడు సెర్వ్‌ని మించింది లేదు.

కనిగిరి_బీఎస్‌వీ
శక్తి గురించి. ఐఐటీ మద్రాసు వాళ్ల కోర్లు, బీఎస్‌డీ 3-క్లాజ్ లైసెన్సు, అమ్మకానికి అడ్డు లేదు. ఈ-క్లాస్ మూడు దశల పైప్‌లైన్, మైక్రోకంట్రోలర్ పనులకి. సీ-క్లాస్ ఐదు దశలది, లినక్స్ దాకా పోతుంది. రాసింది బ్లూస్పెక్ సిస్టమ్ వెరిలాగ్ (బీఎస్‌వీ) అనే భాషలో. ఆ కంపైలర్ 2020లో ఓపెన్ సోర్స్ అయింది కాబట్టి ఇప్పుడు డబ్బు కట్టక్కర్లేదు. వాళ్లు తయారుగా ఇచ్చే ఎఫ్‌పీజీఏ రూపాలు ఆర్టీ ఏ7 బోర్డుల కోసం: 35టీ మీద పినాక, 100టీ మీద పరశు, వజ్ర. 35టీ లోనే 6-ఇన్‌పుట్ ఎల్‌యూటీలు 20,800 ఉన్నాయి. నీ 9కే మీద ఎక్కించాలంటే పెరిఫెరల్స్ కత్తిరించి, మెమరీ మార్చి, గోవిన్‌కి పోర్ట్ చేసుకోవాలి. తయారైన వెరిలాగ్ మనిషి చదువుకునేలా ఉండదు, సరిచేయాలంటే బీఎస్‌వీ నేర్చుకోవాల్సిందే. బీఎస్‌వీ నేర్చుకోదగ్గ భాషే, రూల్సు మధ్య గొడవ వస్తే కంపైలరే చెప్తుంది. కాలేజీ ల్యాబులో ఆర్టీ బోర్డు ఉంటే తప్పకుండా శక్తితో మొదలుపెట్టమంటా. ఈ ఉత్పత్తికి మాత్రం వద్దు.

నిమ్మతోట (పొదలకూరు)
లైసెన్సు సంగతి నేను చెప్తా. పికోఆర్‌వీ32, సెర్వ్ రెండూ ఐఎస్‌సీ లైసెన్సు. వెక్స్‌రిస్క్‌వీ ఎంఐటీ. నియోఆర్‌వీ32 బీఎస్‌డీ 3-క్లాజ్. వీటన్నిట్లో నువ్వు ముఖ్యంగా చెయ్యాల్సింది ఒక్కటే, కాపీరైటు నోటీసు, లైసెన్సు పాఠం పోగొట్టకుండా సరుకుతో పాటు ఇవ్వాలి. బోర్డుతో ఇచ్చే పుస్తకం చివరి పేజీలో అచ్చు వేయించు, చాలు. ఐబెక్స్ అపాచీ 2.0, దాంట్లో పేటెంటు హక్కుల గురించి కూడా రాతపూర్వకంగా ఉంది. ఓపెన్‌హెచ్‌డబ్ల్యూ కోర్లకి సోల్డర్‌ప్యాడ్, అది అపాచీకి హార్డ్‌వేర్ రూపం.

జాగ్రత్తగా ఉండాల్సింది జీపీఎల్, ఎల్‌జీపీఎల్ ఉన్న కోర్లతో. లియాన్3, జిప్‌సీపీయూ జీపీఎల్. వాటి పనితనం మీద నాకు గౌరవం ఉంది, కానీ వాటితో కలిపి సింథసైజ్ చేసిన (సర్క్యూట్‌గా మార్చిన) నీ వెరిలాగ్ మొత్తం తెరవాల్సి రావొచ్చు. ఎల్‌జీపీఎల్ ఇంకా తికమక. సాఫ్ట్‌వేర్‌లో లింకింగ్ అంటే ఏందో తెలుసు, ఒకే బిట్‌స్ట్రీమ్‌లో (ఎఫ్‌పీజీఏలోకి ఎక్కించే ఫైలు) కలిసిపోయిన సర్క్యూట్‌కి లింకింగ్ అంటే ఏందో ఆ పాఠం చెప్పదు. ఆ తికమక తీర్చడానికే సెర్న్ సంస్థ హార్డ్‌వేర్ లైసెన్సు ఓహెచ్‌ఎల్ రెండో వెర్షన్‌ని మూడు రకాలుగా విడదీశారు: ఎస్ అంటే గట్టి షరతు, డబ్ల్యూ అంటే మధ్యస్థం, పీ అంటే సడలింపు.

అసలు లైసెన్సు ఫైలే లేకపోతే అది ఓపెన్ సోర్స్ కాదు. గిట్‌హబ్‌లో కనపడుతోంది కాబట్టి వాడుకోవచ్చు అనుకోవద్దు, హక్కులన్నీ రాసినాయన దగ్గరే ఉన్నట్టు. ఇంకోటి, కోర్ ఫైలు పైన ఒక లైసెన్సు, పక్క ఫోల్డర్లో ఉన్న యూఆర్ట్ ఫైలు పైన వేరే లైసెన్సు ఉండొచ్చు. ఫైలు ఫైలుకీ మొదటి ఇరవై లైన్లు చదువు. అన్నట్టు, డబ్బా మీద రిస్క్-ఫైవ్ లోగో అచ్చు వేసే ముందు ఆ ట్రేడ్‌మార్కు నిబంధనలు చూసుకో. ఇన్‌స్ట్రక్షన్ సెట్ ఉచితమే గానీ ఆ పేరు, గుర్తు రిస్క్-ఫైవ్ ఇంటర్నేషనల్ వాళ్లవి.

గుంటగట్టు
అక్కా, చాలా మేలు చేసినారు. పికోఆర్‌వీ32 దించుకున్నా. సిమ్యులేషన్ నడిచింది. బోర్డు మీద రెండు చిక్కులు. మొదట మెమరీ 16 కేబీ పెడితే చిప్పులో పట్టలేదంటా ఉంది. 1 కేబీకి తగ్గిస్తే పట్టింది, కానీ ఎల్‌ఈడీ మిణకడం లేదు, యూఆర్ట్‌లో ఒక్క అక్షరం రాలేదు. సింథసిస్ యోసిస్‌తో, చిప్పులో అమర్చడం నెక్స్ట్‌పీఎన్‌ఆర్‌తో.

కావలి_ఆర్‌టీఎల్
మొదటిది మెమరీ రాసిన తీరు. చదివే లైను ఆల్వేస్ బ్లాకు (క్లాకుతో నడిచే భాగం) బయట, అసైన్‌తో రాసుంటావు. అడ్రసు మారిన క్షణమే డేటా రావాలి అంటే బ్లాక్ ర్యామ్ ఆ పని చెయ్యలేదు, దానికి ఒక క్లాకు కావాలి. అప్పుడు టూలు దాన్ని ఎల్‌యూటీలతో చేసే చిన్న ర్యామ్‌గా మారుస్తుంది. 16 కేబీ అంటే 1,31,072 బిట్లు, నీ చిప్పులో అట్టాంటి ర్యామ్ మొత్తం 17,280 బిట్లే, 1 కేబీ పట్టింది అందుకే. 16 కేబీ ఎట్టా పడుద్ది? చదవడం కూడా క్లాకు అంచు మీదే చేసి, రెడీ సిగ్నల్ ఒక క్లాకు ఆలస్యంగా ఇవ్వు. మెమరీ అర్రేకి రీసెట్ పెట్టొద్దు, పెడితే మళ్లీ అదే కథ. బైటు రైట్ ఎనేబుల్ నాలుగూ విడిగా రాయి, లేదా 8 బిట్ల అర్రేలు నాలుగు పెట్టుకో. సింథసిస్ అయ్యాక రిపోర్టులో బ్లాక్ ర్యామ్ లెక్క 8 కనపడాలి. సున్నా ఉంటే ముందుకి పోవద్దు.

రెండోదానికి కోర్ బయటికి తెచ్చిన ట్రాప్ పిన్నుని ఒక ఎల్‌ఈడీకి, మెమరీ వ్యాలిడ్‌ని ఇంకో ఎల్‌ఈడీకి తగిలించు. ఆ బోర్డు మీద ఎల్‌ఈడీలు సున్నా ఇస్తే వెలిగేవి, తిరగేసి ఇవ్వు. ట్రాప్ వెలిగితే కోర్‌కి అర్థం కాని ఇన్‌స్ట్రక్షన్ వచ్చింది, లేదా వరస తప్పిన అడ్రసు అడిగింది. ట్రాప్ వెలగకుండా వ్యాలిడ్ నిలకడగా వెలుగుతుంటే, కోర్ అడిగిన అడ్రసుకి ఎవరూ రెడీ అని చెప్పలేదు. పికో అట్టాగే ఎప్పటికీ ఎదురుచూస్తది, టైమవుట్ ఉండదు. అడ్రసు డీకోడర్‌లో దేనికీ చెందని అడ్రసుకి కూడా రెడీ ఇచ్చే చివరి దారి ఒకటి పెట్టు.

గుంటగట్టు
మెమరీ సరిచేశా, 8 బ్లాకులు కనపడ్డాయి. ట్రాప్ వెలుగుతా ఉంది.

నిమ్మతోట
ఇది నూటికి తొంభై సార్లు ఫర్మ్‌వేర్ కంపైల్ చేసిన తీరే. జీసీసీ కంపైలర్‌కి మార్చ్ (కోర్‌కి ఏ ఇన్‌స్ట్రక్షన్లు తెలుసో చెప్పే ఆప్షన్) ఏం ఇచ్చావు? ఆర్‌వీ32ఐఎంసీ అని ఇచ్చుంటే తప్పు. పికోలో కంప్రెస్డ్, మల్టిప్లై రెండూ మొదట ఆపేసి ఉంటాయి, పారామీటర్లతో నువ్వు తెరవాలి. కంప్రెస్డ్ లేని కోర్‌కి 16 బిట్ల ఇన్‌స్ట్రక్షన్ పోతే మొదటి అడుగులోనే ట్రాప్. మార్చ్‌కి ఆర్‌వీ32ఐ, ఎంఏబీఐకి ఐఎల్‌పీ32 ఇచ్చి మొదలుపెట్టు. జీసీసీ 12 నుంచి సీఎస్‌ఆర్ (కంట్రోల్ రిజిస్టర్లు చదివే, రాసే) ఇన్‌స్ట్రక్షన్లు ఐ లోంచి విడిపోయాయి, సైకిల్ కౌంటర్ చదివితే అసెంబ్లర్ జైసీఎస్‌ఆర్ కావాలని ఆగిపోతుంది. అప్పుడు మార్చ్ చివర అండర్‌స్కోర్ జైసీఎస్‌ఆర్ చేర్చాలి. స్టాండర్డ్ లైబ్రరీ లేకుండా లింక్ చేస్తే గుణకారానికీ భాగహారానికీ లిబ్‌జీసీసీని చేత్తో కలపాలి, లేకపోతే నిర్వచనం లేదంటుంది.

ఇంకో తప్పు హెక్స్ ఫైలులో (మెమరీలో నింపే అంకెల ఫైలు). ఆబ్జ్‌కాపీ వెరిలాగ్ రూపంలో ఇచ్చేది బైటు బైటుగా ఉంటుంది. దాన్ని 32 బిట్ల మెమరీకి అట్టాగే చదివిస్తే ఒక్కో బైటు ఒక్కో మాటలో (32 బిట్ల వర్డు) కూర్చుంటుంది. పికో ఫోల్డర్లోనే మేక్‌హెక్స్ అని చిన్న పైథాన్ ఫైలు ఉంది, బైనరీని అది మాటలుగా మారుస్తుంది. ఫైలు తెరిచి కళ్లతో చూడు: లైనుకి 8 అంకెలు ఉండాలి. కంప్రెస్డ్ లేని ప్రోగ్రాంలో ప్రతి ఇన్‌స్ట్రక్షన్ చివరి రెండు బిట్లూ ఒకట్లే, కాబట్టి ప్రతి మాట చివరి అంకె 3, 7, బీ, ఎఫ్‌లలో ఒకటే అవ్వాలి. మొదటి పది లైన్లలో చివర వేరే అంకె కనపడిందంటే, కంప్రెస్డ్ దూరింది గానీ బైట్లు తిరగబడ్డాయి గానీ.

గుంటగట్టు
అక్కా, అదే. మూడో లైను చివర 2 ఉంది. ఐఎంసీ పెట్టి కంపైల్ చేసుండా. ఐ కి మార్చితే ఎల్‌ఈడీ మిణుకుతోంది, యూఆర్ట్‌లో అక్షరాలు వస్తండాయి, కానీ చెత్తగా.

ఒంగోలు_ఎల్‌యూటీ
బాడ్ డివైడర్ ఏం పెట్టావు? ఉదాహరణల్లో ఉండేది వేరే బోర్డుల క్లాకు. నీ క్రిస్టల్ 27 మెగాహెర్ట్జ్. 9600కి 2812, 1,15,200కి 234. రెండిట్లోనూ తప్పు 0.2 శాతం లోపే.

ఏడీసీ వైపు చూసుకో: ఎంసీపీ3208కి 2.7 వోల్టుల దగ్గర క్లాకు గరిష్ఠం 1 మెగాహెర్ట్జ్ అని డేటాషీటు. నువ్వు 3.3 వోల్టులు ఇస్తావు కాబట్టి దాన్నే హద్దుగా పెట్టుకో, 27ని 28తో భాగిస్తే 964 కిలోహెర్ట్జ్. కన్వర్షన్‌కి 24 క్లాకులు, 25 మైక్రోసెకన్లు, ఎనిమిది ఛానళ్లకి 200. నీకున్న గడువు 625, సుఖంగా సరిపోద్ది. 1600కి టైమరు 16,875 క్లాకులు, శేషం లేకుండా భాగిస్తుంది.

వర్గాల కూడిక 32 బిట్లలో ఉంచాలంటే కిటికీ (ఒక్కో లెక్కకి తీసుకునే కాలం) 8 సైకిళ్లే పెట్టు, 256 శాంపిళ్లు. 4095 వర్గం గుణించు 256 అంటే 4,29,28,70,400. 32 బిట్ల హద్దు 4,29,49,67,296. అంచున పట్టింది. 10 సైకిళ్లు పెడితే 320 శాంపిళ్లు, పొంగిపోయి తక్కువ కరెంటు చూపిస్తుంది, ఫేజు పోయిందని బోర్డు అనవసరంగా మోటారు ఆపేస్తుంది. ఎలాగూ వర్గం చేసే ముందు 2048 తీసెయ్యి, సీటీకి ఇచ్చిన 1.65 వోల్టుల బయాస్ అదే కదా. 256తో భాగహారం అంటే కుడికి ఎనిమిది జరపడమే, భాగహార రొటీను అక్కర్లేదు.

కనిగిరి_బీఎస్‌వీ
పిన్నులు కేటాయించేటప్పుడు చూసుకో, ట్యాంగ్ నానో 9కే లో ఎల్‌ఈడీలు, బటన్లు ఉన్న బ్యాంకు 1.8 వోల్టులది. ఏడీసీ డేటా పిన్నులు ఆ బ్యాంకులో పెట్టొద్దు.

చీమకుర్తి_డ్రైవ్స్
సీటీ 100 ఆంపియర్లది కొనొద్దు. 2 హెచ్‌పీ మోటారు నిండు లోడులో తీసుకునేది 3.3 ఆంపియర్ల చుట్టూ. 5 ఆంపియర్లకి 1 వోల్టు ఇచ్చే రకం తీసుకుంటే 0.66 వోల్టులు వస్తాయి, 12 బిట్లలో చక్కగా కనపడుద్ది. స్టార్టింగ్ కరెంటుకి అది పొంగుద్ది కాబట్టి ఏడీసీ ముందు 1 కిలోఓం, క్లాంపు డయోడ్లు పెట్టు. మోటారు తిరగడం మొదలైన తర్వాత కొన్ని సెకన్లు ట్రిప్ పోలిక ఆపి ఉంచు.

కావలి_ఆర్‌టీఎల్
పికోలో లేనివి రెండు, ముందే తెలిసుండాలి. ఇంటరప్టులు రిస్క్-ఫైవ్ ప్రమాణం ప్రకారం కావు, దాని సొంత పద్ధతి, సొంత ఇన్‌స్ట్రక్షన్లు. ఫ్రీఆర్‌టీఓఎస్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ మామూలు పోర్టు దానిమీద నేరుగా నడవదు. నీ పనికి పోలింగ్ (ప్రోగ్రామే మళ్లీ మళ్లీ చూసుకోవడం) చాలు, ఇంటరప్టులు ముట్టొద్దు. ఆర్‌టీఓఎస్ కావాల్సిన రోజు నియోఆర్‌వీ32కి మారు.

వాచ్‌డాగ్ కూడా లేదు, నువ్వే రాయాలి. 27 బిట్ల కౌంటరు పెట్టు, 27 మెగాహెర్ట్జ్‌లో నిండటానికి 5 సెకన్లకి ఒక వెంట్రుకవాసి తక్కువ. ఫర్మ్‌వేర్ ఒక అడ్రసుకి రాసినప్పుడల్లా సున్నా అవ్వాలి. నిండితే కోర్‌కి మాత్రమే రీసెట్ ఇవ్వు. ఏడీసీ, ట్రిప్ లాజిక్కుల రీసెట్ వేరుగా ఉంచు.

గుంటగట్టు
డివైడర్ మార్చినాక అక్షరాలు శుభ్రంగా వస్తండాయి. ఏడీసీలు 3.3 వోల్టుల బ్యాంకుకి మార్చినా. ఇప్పుడు ఆర్‌ఎస్-485 దగ్గర, షెడ్డు వైపు ప్రతి జవాబుకీ సీఆర్‌సీ తప్పు అంటా ఉంది. బోర్డులో లెక్కించిన సీఆర్‌సీ కాగితం మీద సరిగ్గానే ఉంది.

నిమ్మతోట
చివరి బైటు తెగిపోతోంది. పికోఎస్‌ఓసీ అనే ఉదాహరణ ఎస్‌ఓసీతో వచ్చే సింపుల్ యూఆర్ట్‌లో ఫైఫో (బైట్లు వరసలో వేచి ఉండే చోటు) లేదు. రాసిన బైటు ఇంకా బయటికి పోతుండగానే కోర్ తర్వాతి లైనుకి వచ్చేస్తుంది, రెండో బైటు రాయబోతేనే ఆగుతుంది. నువ్వు ఆఖరి బైటు రాసిన వెంటనే డ్రైవర్ ఎనేబుల్ (ఆర్‌ఎస్-485 చిప్పుకి పంపమని చెప్పే పిన్ను) దించేస్తున్నావు. 9600లో ఒక బైటుకి మిల్లీసెకను పైన పడుతుంది, ఆ లోపలే లైను వదిలేసినట్టు. యూఆర్ట్ వెరిలాగ్‌లో పంపే బిట్ల లెక్క సున్నా అయ్యాక, ఆఖరి స్టాప్ బిట్టు పూర్తయ్యాక ఒక సిగ్నల్ బయటికి తీసి, ఎనేబుల్‌ని దానికే కట్టెయ్యి. సాఫ్ట్‌వేర్‌లో ఆలస్యం పెట్టి సర్దొద్దు, కంపైలర్ ఆప్టిమైజేషన్ మార్చిన రోజు మళ్లీ తెగుద్ది. ట్రాన్సీవర్ (ఆ ఆర్‌ఎస్-485 చిప్పు) మ్యాక్స్3485 కదా? మ్యాక్స్485 అయితే అది 5 వోల్టులది, ఎఫ్‌పీజీఏ పిన్నుకి నేరుగా కలపొద్దు.

గుంటగట్టు
3485 ఏ అక్కా. ఎనేబుల్‌ని యూఆర్ట్ బిట్ల లెక్కకి కట్టినా, సీఆర్‌సీ తప్పులు ఆగిపోయినాయి. పికోఆర్‌వీ32తోనే ముందుకి పోతన్నా. ఐఎస్‌సీ నోటీసు పుస్తకంలో చేర్చేసినా. బిట్‌స్ట్రీమ్‌ని ఓపెన్‌ఎఫ్‌పీజీఏలోడర్‌తో ఫ్లాష్‌లోకి ఎక్కించి, కరెంటు తీసి పెట్టి చూశా, దానంతటదే లేస్తా ఉంది. ఒక సీటీ వైరు పీకితే 160 మిల్లీసెకన్ల కిటికీ రెండు దాటకముందే రిలే పడింది.

చీమకుర్తి_డ్రైవ్స్
సీటీ వైరు పీకితే పడ్డదంటే సీటీ తెగినా బోర్డు మోటారుని ఆపేస్తది. వైరు పీకినప్పుడు మిగతా రెండు ఫేజులు మామూలుగానే ఉంటాయి, నిజంగా ఫేజు పోతే అవి 1.73 రెట్లు అవుతాయి. పోలికలో ఆ రెండో షరతు కూడా చేర్చు, ఒకటిన్నర రెట్ల దగ్గర గీత పెట్టు. రెండో షరతు లేకుండా మొదటిది మాత్రమే నిజమైతే మోటారు ఆపకుండా మోడ్‌బస్‌లో "సీటీ తప్పు" అని పంపు.

గుంటగట్టు
చేర్చినా అన్నా. మిగతా రెండు ఫేజుల పాత సగటు దాచుకోను ఛానలుకి ఒక 32 బిట్ల రిజిస్టరు పెట్టినా, 24 రిజిస్టర్లకి 768 ఫ్లిప్‌ఫ్లాపులు పోయినాయి. చోటు ఇంకా ఉండాది.